తాకకూడదని నేర్పిన పాఠం

నా క్లాసు నడుస్తుంటే రోడ్డు మీదికి వినపడాలి. రాజాం నుంచి బొబ్బిలి పోయే బస్సు మా బడి ముందు ఆగితే, లోపల భౌతికశాస్త్రం చెబుతున్నారని కండక్టరుకి కూడా తెలిసిపోవాలి. ఇరవై ఏడేళ్లుగా అలాగే చెబుతున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరూ పెద్దదే. శ్యామలాంబ మేడమ్ క్లాసులో ఆవలింత వచ్చినా అరచెయ్యి అడ్డం పెట్టుకుని మింగేయాలని పిల్లలు అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటాను.

మా నాన్న బొబ్బిలిలో వీణ నేర్పేవారు. సరళీ వరుసలు నోటికి రానిదే శిష్యులని వీణ దగ్గర కూర్చోనిచ్చేవారు కాదు. నోటికి వచ్చింది వేళ్లలోకి దానంతటదే దిగుతుందనేవారు. నాకు సంగీతం అబ్బలేదు గానీ ఆ పద్ధతి అబ్బింది. అందుకే సైన్సు పాఠాన్ని కూడా చిన్న చిన్న వరుసలుగా కట్టి పిల్లల చేత పాడిస్తాను. ఒకరు ముందు అంటారు, మిగతా నలభై మంది అందుకుంటారు.

‘పరమాణువు నడుమ కేంద్రకం, ప్రోటానూ న్యూట్రానూ అందులో. చుట్టూ తిరిగేవి ఎలక్ట్రాన్లు.’

‘ప్రోటాను ధనం, ఎలక్ట్రాను ఋణం, న్యూట్రానుకి ఏదీ లేదు.’

‘ఎలక్ట్రాన్లు పోతే ధనం, చేరితే ఋణం, సరిసమానమైతే తటస్థం.’

ఈ మూడు వరుసలూ వస్తే ఎనిమిదో తరగతి పిల్లలకి విద్యుదావేశం సంగతి సగం వచ్చినట్టే. రాపిడిలో కదిలేది ఎలక్ట్రానే గానీ ప్రోటాను కాదని, అది కేంద్రకం వదిలి రాదని చెబితే మిగతాదీ వస్తుంది. నాలుగో వరుస నేను సొంతంగా కట్టింది. దాని మీద నాకు కాస్త మోజు ఉండేది.

‘ఆవేశమున్న దేహం తాకకు, తాకితే నీ మీదికి దూకు.’

పోయిన జనవరి నెలాఖరున ఆ పాఠం చెప్పాను. మన సముద్రపు తేమ గాలికి తక్కిన రోజుల్లో ఈ ప్రయోగం ఆడదు, పొడి చలి ఉన్న ఆ నాలుగు వారాలే ఆడుతుంది. ఝాన్సీ అనే పిల్లని ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబెట్టి, పాలిస్టర్ దుప్పటితో వీపు మీద తోమించాను. వరుస ఎప్పుడూ ముందు అందుకునేది ఝాన్సీయే. గొంతు గట్టిది, బుర్ర అంతకంటే గట్టిది. పాపిట దగ్గర వెంట్రుకలు లేచి నిలబడితే క్లాసంతా నవ్వారు. పింకీ వచ్చి ఝాన్సీ మోచేతికి వేలు ఆనించగానే చిటుక్కుమంది. పింకీ కెవ్వుమని వెనక్కి దూకింది.

“చూశారా? మనిషి ఒంట్లో కూడా ఆవేశం నిలుస్తుంది” అన్నాను. క్లాసంతా నాలుగో వరుస పాడారు.

ఆ తర్వాత చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. కింద ప్లాస్టిక్ కుర్చీ ఉంది కాబట్టే నిలిచింది, నేల మీద కాలు పెడితే నిలవదు అని. అప్పుడే మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. రేపు చెబుతానన్నాను. మర్నాడు బడి మరుగుదొడ్ల ఫోటోలు ప్రభుత్వ యాప్‌లో ఎక్కించే పని నా నెత్తిన పడింది. ఆ మర్నాడు వేరే పాఠం మొదలుపెట్టాను. యాప్‌ని తిట్టుకుంటే నాకు హాయిగానే ఉంటుంది. కానీ నిజం అది కాదు. ఆ ఐదో మాట వరుసలో ఇమడలేదు. ఎన్నిసార్లు కట్టినా పొడుగైపోయింది. పాటగా రానిది నా క్లాసులో పాఠం కాదు. అందుకని వదిలేశాను.

జూలై మూడో ఆదివారం ఝాన్సీ వాళ్లమ్మ గున్నమ్మ మీద పిడుగు పడింది.

మూడో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఝాన్సీ చిన్నప్పుడే వాళ్ల నాన్న పోయాడు. తల్లీ కూతురూ అమ్మమ్మ లక్ష్మణమ్మతోనే ఉండేవారు. లక్ష్మణమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దని పక్కనే కూర్చున్నాను. ఝాన్సీ లోపల గోడకి ఆనుకుని కూర్చుంది గానీ బయటికి రాలేదు.

“ఊడుపులకి ఎల్లినాం పంతులమ్మా. ఏడుగురు ఆడోళ్లం. ఈ గుంట ఝాన్సీ కూడా సెలవని మాతో వచ్చినాది” అని మొదలుపెట్టింది లక్ష్మణమ్మ. “ఉరుము ఇనపడీసరికి మడిలోంచి లేసి మోటారు గది కాడికి పోతన్నాం. నా బిడ్డ అందరికన్నా ఎనకాల ఉన్నాది. గట్టు మీద తాటిసెట్టు మీద పడ్డాది పిడుగు. తిరిగి సూస్తే బురదలో బోర్లా పడుంది.”

ఆమె చేతి గోళ్లలో ఇంకా ఆకుమడి మట్టి ఉంది.

“నాను లగెత్తినాను. నా బిడ్డ గదా! ఈ గుంట అడ్డం ఒచ్చి నా నడుం పట్టేసినాది. ‘అమ్మమ్మా, ముట్టకు, ఒంట్లో ఉంటాది, నీ మీదికి దూకుతాది’ అని ఒకటే అరుపు. ఆ పాట కూడా పాడినాది, మీరు నేర్పినదంట. నాకు సదువు రాదు. సదువుకున్న పిల్ల సెప్తంటే ఇనాల గదా. అందరం ఆగిపోనాం.”

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పింది. ఎండు కర్రలోంచి కరెంటు రాదని ఝాన్సీకి తెలుసు. ఎండు వెదురు గడ వెతికి తెచ్చి, దానితో తల్లిని వెల్లకిలా తిప్పించి గట్టు మీదికి తోయించింది. అంబులెన్సుకి ఫోను కూడా తనే చేసింది. అది వచ్చేదాకా ఎవరినీ మూరెడు దగ్గరికి రానివ్వలేదు. తనూ పోలేదు. ఏడుస్తూ అక్కడే నిలబడి కాపలా కాసింది.

“ఆరుగురం బతికినాం పంతులమ్మా. ఊరంతా అదే అంతన్నారు. మీ పాఠమే మమ్మల్ని కాపాడినాది” అని లక్ష్మణమ్మ రెండు చేతులూ జోడించింది.

ఆ దణ్ణం నేను తీసుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల ఎక్కడో కాస్త గర్వపడ్డాను కూడా.

వీధి చివర వెంకటసాయి మోటారు సైకిలు ఆపుకుని నా కోసం నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ల కిందట నా విద్యార్థి. ఇప్పుడు అంబులెన్సులో రోగులని చూసే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ రోజు బండిలో వచ్చింది అతనే.

“మేడమ్, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి” అన్నాడు తల వంచుకుని. “పిడుగు పడ్డ మనిషి ఒంట్లో ఏటీ ఉండదు గదా?”

పక్కనున్న కరెంటు స్తంభాన్ని పట్టుకున్నాను. ఉండదు. ఎనిమిదో తరగతి పరీక్షలో ఆ ప్రశ్న ఇస్తే నేనే తప్పు రాసినవాడికి సున్నా వేస్తాను. మూడు రోజులుగా ఊరంతా చెప్పుకుంటున్న మాటలో ఇంత పెద్ద తప్పు ఉందని నాకు తట్టనే లేదు.

“మేం ఎల్లీసరికి గుండాగిపోయి సానాసేపైనాది మేడమ్. ఒంటి మీద పెద్ద గాయం కూడా లేదు. పడినెంటనే ఎవలైనా గుండెల మీద నొక్కుంటే బతుకునో లేదో నాను సెప్పలేను. ఛాన్సు మాత్రం ఉండీది.” వీధి అటూ ఇటూ చూసి, “ఎవలితోటీ అనలేదు మేడమ్. మీకే సెప్తన్నాను” అన్నాడు.

ఆ వారమంతా నేను క్లాసులో గొంతెత్తలేదు. పిల్లలకి నా ఒంట్లో బాగాలేదనిపించింది. మా హెడ్మాస్టరు చంద్రశేఖరం గారు మాత్రం ఉత్సాహంగా నా దగ్గరికి వచ్చారు. ఆయన మంచి మనిషి, ఎవరి మనసూ నొప్పించలేరు.

“సర్పంచి గారు కబురు చేశారండీ. పంద్రాగస్టుకి మీకూ ఝాన్సీకీ శాలువా కప్పుతారట. ఆరు ప్రాణాలు నిలబెట్టిన పిల్ల కదా. మీరు కట్టిన ఆ వరుస పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలతో రాయిస్తారట. పిడుగుల కాలం, ఊళ్లో అందరికీ తెలియాలని.”

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, నా మీద. తలుపు దగ్గరికి వేసి ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“అమ్మా, ఆ పిల్లకి పదమూడేళ్లు” అన్నారు చివరికి. “ఆరుగురిని కాపాడాననుకుని అన్నం తింటోంది. అమ్మని చేజేతులా పోగొట్టుకున్నానని తెలిస్తే బతుకుతుందా? చెప్పకండి. శాలువా వద్దంటే వద్దందాం. ఇది మాత్రం మీతో, నాతో పోనివ్వండి.”

“గోడ మీద రాస్తారు సార్. పిల్లలు పాడతారు. రేపు ఇంకో మడిలో ఇంకో పిడుగు పడుతుంది. నా పాట పాడుకుంటూ అందరూ చుట్టూ నిలబడి చూస్తారు.”

రెండు రాత్రులు నిద్ర లేకుండా ఆలోచించాను. ఝాన్సీ మొహం ఒక కంట్లో ఉంటే, ఎవరో తెలియని ఇంకో మనిషి బురదలో పడి ఉండటం ఇంకో కంట్లో ఉండేది. చెప్పకుండా ఊరుకుంటే ఆ రెండో మనిషిని కూడా నేనే చంపినట్టు. చెబితే ఈ పిల్ల ఏమవుతుందో తెలియదు.

పన్నెండో రోజు కార్యం అయ్యాక ఝాన్సీ బడికి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. మధ్యాహ్నం తనే ప్రయోగశాల గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“మేడమ్, ఒక డౌటు.”

“రా అమ్మా.”

“ఆవేశం ఒంట్లో ఎంతసేపు ఉంటాది మేడమ్? పుస్తకంలో ఎతికినాను, లేదు.”

అంటే ఆ పిల్ల అన్నం తింటోందన్న మాట అబద్ధం. పన్నెండు రోజులుగా ఈ ప్రశ్ననే నములుతోంది. ఇక నేను దాచినా లాభం లేదని ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. సుద్దముక్క ఆమె చేతికి ఇచ్చాను.

“నిన్ను ప్లాస్టిక్ కుర్చీ మీద ఎందుకు నిలబెట్టాను?”

“ప్లాస్టిక్ బంధకం మేడమ్. దానిలోంచి ఎలక్ట్రాన్లు కదలవు. కిందికి పోలేవు.”

“నేల మీద నిలబెట్టి ఉంటే?”

“పోతాయి. నేలలోకి పోయి...” అని ఆగింది. నేను ఇంకేమీ అడగలేదు. అడగవలసినవన్నీ తనే అడుక్కోవడం మొదలుపెట్టింది. నల్లబల్ల మీద మబ్బు గీసింది. మబ్బు అడుగున ఋణ గుర్తులు వేసింది. తాటిచెట్టు గీసింది, దాని పక్కన ఒక మనిషిని గీసింది. మబ్బులోంచి చెట్టులోకి, చెట్టులోంచి మనిషిలోకి గుర్తులు వేసుకుంటూ వచ్చి, మనిషి పాదాల దగ్గర చెయ్యి ఆపింది.

“అమ్మకి సెప్పుల్లేవు మేడమ్. మోకాళ్ల దాకా బురద. తడి మట్టి వాహకం గదా.”

“అవును.”

“అయితే ఎంతసేపు?”

“రెప్పపాటు కూడా పట్టదు. అంతా భూమిలోకి పోతుంది.”

“తర్వాత అమ్మ తటస్థం.”

“తటస్థం. నువ్వూ నేనూ ఇప్పుడు ఎలా ఉన్నామో అలాగే.”

ఆ పిల్ల బొమ్మ వైపే చూస్తూ నిలబడింది. మనిషి బొమ్మ లోపల తను వేసిన ఋణ గుర్తులని వేలితో ఒక్కొక్కటే తుడిచింది. అన్నీ తుడిచాక నా వైపు తిరిగింది.

“ముట్టుకుంటే బతికీదా మేడమ్?”

“తెలీదమ్మా. ఆగిన గుండెని నొక్కితే కొందరు బతుకుతారు, అందరూ బతకరు. మీ అమ్మ బతికేదో లేదో ఎవరూ చెప్పలేరు. నీకు అబద్ధం చెప్పను.” ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. “ఒకటి మాత్రం విను. తప్పు నీది కాదు. నేను నేర్పింది నేర్పినట్టు, తు.చ. తప్పకుండా చేశావు. నేర్పవలసింది నేర్పకుండా వదిలేసిన దాన్ని నేను. నన్ను తిట్టు, నా మొహం చూడకు, నీ ఇష్టం. నిన్ను నువ్వు మాత్రం అనుకోకు.”

ఝాన్సీ నన్ను తిట్టలేదు. ఏడవలేదు కూడా. చేతికంటిన సుద్ద గౌనుకి తుడుచుకుని, “అమ్మమ్మకి ఎవలు సెప్తారు?” అంది.

“నేను చెబుతాను.”

“నాను కూడా ఉంటాను.”

ఆ సాయంత్రమే వెళ్లాం. లక్ష్మణమ్మ అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతోంది. నేను చెప్పినంతసేపూ చేట ఆపి విన్నది. ఝాన్సీ కొంచెం దూరంగా నేల చూస్తూ నిలబడింది. నేను చెప్పడం అయ్యాక లక్ష్మణమ్మ నా మొహం వైపు ఒకసారి చూసింది. చేట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నన్ను నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఇంటికి వెళ్లి కాస్త అన్నం తినగలిగేదాన్నేమో.

పంచాయతీ గోడ దగ్గర పెయింటరు అప్పటికే ‘ఆవేశమున్న దేహం’ అని రాసేశాడు. డబ్బా లాక్కుని, నా కళ్లెదురుగా దాని మీద సున్నం కొట్టిస్తే గానీ వదల్లేదు. ఈ పంతులమ్మకి పిచ్చెక్కిందని అతను నలుగురికీ చెప్పుకున్నాడట. చెప్పుకోనీ.

పంద్రాగస్టున జెండా ఎగరేశాక సర్పంచి శాలువా మడత విప్పారు. నేను వద్దని మైకు అడిగి తీసుకున్నాను. బడి మైదానం నిండా ఊరి జనం ఉన్నారు. మైకు లేకపోయినా నా గొంతు అందరికీ వినపడుతుంది, ఆ రోజు మాత్రం అది లేకపోతే మాట పెగిలేది కాదు.

“నేను సగం పాఠం చెప్పాను. ఆ సగం వల్ల గున్నమ్మ దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ఆ తప్పు ఝాన్సీది కాదు, ఊరిది కాదు, నాది” అన్నాను. చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. “కరెంటు తీగ పట్టుకున్న మనిషి వేరు. మెయిన్ ఆపేదాకా తీగలోంచి వస్తూనే ఉంటుంది, అతన్ని ముట్టకూడదు. పిడుగు అలా కాదు, వచ్చి వెళ్లిపోతుంది. మబ్బులో ఉన్న ఎలక్ట్రాన్లు మనిషిలోంచి మట్టిలోకి పోతాయి, మనిషిలో మిగలవు. ఆ మనిషిని ముట్టుకోవచ్చు. ముట్టుకోవాలి. ఎలా ముట్టుకోవాలో వెంకటసాయి చూపిస్తాడు.”

ఎవరో “ఇన్నాళ్లూ ఏటి సేసినావమ్మా మరి?” అని అరిచారు. సర్పంచి అతన్ని కూర్చోమన్నారు. నేను వద్దన్నాను, అడగవలసిన మాటే అడిగాడని. హెడ్మాస్టరు గారు తల వంచుకుని కూర్చున్నారు.

వెంకటసాయి బియ్యం సగం పోసి బిగించి కట్టిన గోనెసంచి తెచ్చి నేల మీద పడుకోబెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా గట్టిగా, గబగబా నొక్కి చూపించాడు. మధ్యలో ఆపితే లాభం లేదని, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలని, అలిసిపోతే మనిషి మారాలని చెప్పాడు.

“ఎవలు ముందొస్తారు?”

తొమ్మిదో తరగతి వరుసలోంచి ఝాన్సీ లేచింది. వచ్చి సంచి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతులు సరిగ్గా పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. గోనె కిందకి దిగి పైకి లేస్తోంది. ముప్పై లెక్కపెట్టాక వెంకటసాయి, “సాలమ్మా, బాగా సేసినావు” అన్నాడు.

ఆ పిల్ల ఆపలేదు. నొక్కుతూనే అడిగింది.

“ఆ రోజు బండి ఎంతసేపటికి ఒచ్చినాది సార్?”

వెంకటసాయి నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

“నలభై నిమిషాలు పట్టినాదమ్మా.”

ఝాన్సీ ఒకే వేగంతో నొక్కుతోంది. నుదుటి చెమట ముక్కు మీదుగా జారి గోనె మీద పడుతోంది. నాలుగు నిమిషాలు అయింది, ఐదు అయింది. వెంకటసాయి రెండుసార్లు ముందుకు వంగి మళ్లీ వెనక్కి తగ్గాడు. నేను పోయి ఆపుదామని రెండడుగులు వేసి ఆగిపోయాను. ఆరో నిమిషంలో ఆ పిల్ల మోచేతులు వణకడం మొదలుపెట్టాయి. నోట్లోంచి లెక్క మాత్రం వస్తూనే ఉంది.

అప్పుడు ఆడవాళ్లలోంచి లక్ష్మణమ్మ లేచింది. నాతోనూ మనవరాలితోనూ మాట మానేసి రెండు వారాలైంది. ఎవరి వైపూ చూడకుండా మైదానం దాటుకుని వచ్చి, చీర కొంగు నడుముకి చుట్టి, సంచికి అవతలి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మనవరాలి చేతుల మీద తన చేతులు వేసింది.

“జరగవే. ఇప్పుడైనా నా బిడ్డని ముట్టుకోనీ” అంది.

ఝాన్సీ చేతులు తీసి పక్కకి జరిగింది. లక్ష్మణమ్మ నొక్కడం మొదలుపెట్టింది.